దర్భ కాలిన వాసన

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ముందే చెబుతున్నాను. నేను పాథాలజిస్టుని. కాకినాడలో ఎంబీబీఎస్ చదివి, డెబ్బైల్లో న్యూజెర్సీ వచ్చి, శవాలను కోసి ఎందుకు పోయారో రాసివ్వడమే ఉద్యోగంగా బతికినదాన్ని. పోయినవాళ్ళకి బతికున్నవాళ్ళ మీద కోపం మిగిలేదే అయితే ఆ కోపం ముందు నా మీదే చూపించాలి. వాళ్ళ గుండెకాయలు తూకం వేసింది నేను. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను పలకరించలేదు.

మావాళ్ళ పార్టీల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. అలాంటిది ఇప్పుడు నేనే చెప్పాల్సి రావడం నాకు చిరాకుగానే ఉంది. చెప్పకుండా కడుపులో పెట్టుకోవడం ఇంకా చిరాకుగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మా నాన్న మా దగ్గరికి వచ్చాడు. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మ పోయి కొన్నేళ్ళయింది. నేను ఒక్కత్తినే కూతుర్ని. అమెరికా చూడటానికి వచ్చాడని మేముండే పిస్కాటవేలో మా స్నేహితులంతా అనుకున్నారు. మా ఆయన వరసపెట్టి చూడాల్సిన చోట్లన్నీ చెప్పాడు. నాన్న ఏదీ వద్దన్నాడు. ఆయన వచ్చింది ఒకే ఒక్క పని మీద.

ఆ పని అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా నాన్న అగ్గిపుల్ల గీయగా నేనెప్పుడూ చూడలేదు. కరెంటు పోతే చీకట్లో కూర్చునేవాడు కానీ దీపం వెలిగించేవాడు కాదు. మా మామ్మ, అంటే ఆయన తల్లి, పోయినప్పుడు కొరివి పెట్టక తప్పలేదు. అప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకుని పెట్టాడట. చిన్నప్పుడు నేను దీన్ని పిరికితనం అనుకునేదాన్ని.

మా తాత పేరు సూర్యనారాయణ. నాన్న ఉయ్యాలలో ఉండగానే రంగూన్ ఓడ ఎక్కాడు. అక్కడ తెలుగు గుమాస్తాలకి భోజనం హోటల్ పెట్టి వంట చేసేవాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి. తరవాత ఆగిపోయాయి. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. మనిషి ఇల్లు వదిలి పన్నెండేళ్ళయినా జాడ తెలియకపోతే పోయినట్టే లెక్క. శవం లేదు కాబట్టి దర్భలతో మనిషి ఆకారం కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి, నోటి దగ్గర బియ్యం, నువ్వులు వేసి, కొడుకు చేత నిప్పు పెట్టిస్తారు. ఆ తరవాత జరగాల్సినవన్నీ మామూలుగా జరుగుతాయి.

అప్పటికి నాన్నకి ఒడుగు అయి ఎన్నాళ్ళో కాలేదు. నడుముకి పంచె నిలిచేది కాదట. తండ్రి మొహం ఎరగడు. మొట్టమొదట చూసిన తండ్రి ఆ గడ్డి బొమ్మ. ఏట్లో స్నానం చేయించి, దగ్గరుండి ఆ కార్యం నడిపించింది ఆయన పెదనాన్న.

పదో రోజున మా మామ్మకి గాజులు పగలగొట్టి, జుట్టు తీయించి, తెల్లచీర కట్టబెట్టారు. ఆవిడ వద్దని మొత్తుకుందట. "ఆయన ఉన్నారు, నాకు తెలుస్తోంది" అని అరిచిందట. ఆ పెదనాన్న ఆడదాని మాట చెవిన పెట్టే రకం కాదు. నాకు తెలిసిన మామ్మ, మాట్లాడని మామ్మ. నాన్నతో కూడా అవసరానికి మించి మాట్లాడేది కాదు.

రెండో యుద్ధంలో రంగూన్ నుంచి నడిచి వచ్చిన జనంలో ఒక ముసలాయన కాకినాడ చేరాడు. మా తాత హోటల్లో తిన్న మనిషి. ఆయన నాన్నతో అన్నాడట, "మీ నాన్న వంటవాడిగా న్యూయార్క్ ఓడ ఎక్కాడయ్యా. అక్కడ కాలు విరిగి, నది అవతల బీదల ఆసుపత్రిలో ఉన్నాడని తోటి ఓడవాడు చెప్పాడు. కాలు కుదరగానే ఇంటికి పోతానన్నాట్ట." ఏ సంవత్సరం మాట అంటే ఆయనకి గుర్తులేదు.

మా నాన్నకి కావలసింది ఆ సంవత్సరం. తను నిప్పు పెట్టేనాటికి తండ్రి పోయాడా, బతికున్నాడా? బతికున్న మనిషికి కొరివి పెట్టామా? మొగుడుండగానే అమ్మకి జుట్టు తీయించామా? ఈ ప్రశ్న కడుపులో పెట్టుకుని ఆయన ఉద్యోగమంతా తంతి మీట నొక్కాడు. ఊళ్ళోవాళ్ళ చావు కబుర్లన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్ళేవి. తన తండ్రిది మాత్రం రాలేదు.

"అమ్మడూ, నువ్వు డాక్టరువి. నిన్నైతే లోపలికి రానిస్తారు," అన్నాడు వచ్చిన వారంలోనే.

రానివ్వలేదు.

ఇక్కడ మా తాత రోజుల్లో ప్రతి కౌంటీకీ, అంటే జిల్లాకీ, ఒక పూర్ హౌస్ ఉండేది. గతిలేనివాళ్ళని, ముసలివాళ్ళని, మతిపోయినవాళ్ళని, ఒంట్లో బాగాలేని పరాయి ఓడవాళ్ళని అందులో పడేసేవారు. పని చేయగలిగినవాళ్ళ చేత పొలంలోనో వంటింట్లోనో చేయించుకుని అన్నం పెట్టేవారు. తరవాత వాటిల్లో చాలావాటిని కౌంటీ ఆసుపత్రులుగా మార్చారు. న్యూయార్క్ నదికి ఇటు, మా న్యూజెర్సీ ఒడ్డున అలాంటివి ఎన్ని ఉన్నాయో లైబ్రరీలో వెతికి అన్నిటికీ ఉత్తరాలు రాశాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు లేదన్నారు. ఒక్కచోట నుంచి మాత్రం, పాత రికార్డులు ఉన్నాయి కానీ బయటివాళ్ళకి చూపించం అని కటువుగా రాశారు. లేదని రాయలేదు కదా అని అక్కడికే బయలుదేరాం.

ఆ ఊరి పేరు రాయను. దిబ్బ మీద ఎర్ర ఇటుకల భవనాలు. సగం మూసేసి, కిటికీలకి చెక్కలు కొట్టేశారు. నాన్నకి మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేడు. కార్‌లో కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను.

రికార్డుల గదికి ఒక పెద్దావిడ ఇన్‌చార్జి. నన్ను చూడగానే ఆవిడ మొహంలో తలుపు వేసుకుంది. చీర కట్టుకుని వెళ్ళడం నా పొరపాటేమో. ఏం కావాలో చెప్పాను. "ఇక్కడ ఉన్నవాళ్ళంతా మా ఊరివాళ్ళు. ఐరిష్, జర్మన్, పోలిష్. అప్పట్లో మీవాళ్ళు ఇక్కడెక్కడున్నారు?" అంది. బెంచీ మీద కూర్చోమని, లంచ్‌కి వెళ్ళి, వచ్చి, గది మూసే వేళయిందని పంపించేసింది. బయటికి వచ్చేసరికి మా కార్ అద్దం మీద ఎవరో సబ్బుముక్కతో ఇంటికి పొండి అని రాశారు. నాన్న లోపల కూర్చునే ఉన్నాడు. రాసినవాళ్ళని చూశాడు. దిగి, జేబురుమాలుతో తుడిచాడు.

నాకు మొండిపట్టు ఎక్కువ. మా హాస్పిటల్ డైరెక్టర్ చేత సిఫార్సు రాయించుకుని, చీర మాని తెల్లకోటు వేసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆవిడ కాదనలేకపోయింది. నేలకింద గదిలోకి తీసుకువెళ్ళి, నేనేదో ఎత్తుకుపోతానన్నట్టు నా వెనకాలే నిలబడింది.

వెతగ్గా వెతగ్గా దొరికాడు. సూరీ నారియన్. హిందూ. ఓడలో వంటవాడు. పుట్టింది కోకనాడ, ఇండియా. కాకినాడని తెల్లవాళ్ళు అలాగే రాసేవారు. తొడ ఎముక విరిగి చేరాడు. కుదిరింది. వంటింట్లో పనికి పెట్టారు. ఆ కింద వేరే చేతిరాతతో, మొహం మీద కాలిన గాయాలు, తాళం వేసే వార్డుకి మార్చడమైనది అని ఉంది. ఇంకా కింద చనిపోయిన సంవత్సరం, సమాధి నంబరు. ఆ సంవత్సరం రెండుసార్లు చదివాను. మా నాన్న నిప్పు పెట్టిన తరవాత మా తాత చాలా ఏళ్ళు బతికాడు.

ఆ పేరు మీద నా వేలు ఇంకా ఉంది. అప్పుడు వచ్చింది వాసన.

ఎండుగడ్డి కాలుతున్న వాసన. మామూలు గడ్డి కాదు. దర్భ కాలితే కొంచెం ఘాటుగా ఉంటుంది, హోమాలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. నేను ఊహించుకున్నానని అనుకునేదాన్నే. కానీ ముందు అరిచింది నేను కాదు, ఆవిడ. "ఏం కాల్చావు? ఏం ముట్టించావు ఇక్కడ?" అంటూ గోడకున్న ఫైర్ అలారం లాగేసింది.

భవనం ఖాళీ చేయించారు. ఫైర్ ఇంజన్ వచ్చింది. టోపీలు పెట్టుకున్న మనుషులు గది గదీ వెతికారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. వాసన మాత్రం వాళ్ళకీ తగిలింది. పొలం తగలబెట్టినట్టుందే అని ఒకడు అన్నాడు. నా బ్యాగ్ వెతికారు. పెన్నూ, కళ్ళజోడూ తప్ప ఏమీ లేవు. అయినా ఆవిడ నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వనంది. కాపీలు లేవు, ఏమీ లేవు పొమ్మంది.

కార్ దగ్గరికి వచ్చాను. నాన్న నా మొహంలోకి చూశాడు. "పేరు దొరికింది నాన్నా. మిగతాది చూడనివ్వకుండా గెంటేశారు," అన్నాను. అది అప్పటికి సగం నిజం.

ఆ ఫైర్‌మన్‌లలో ఒకడికి నా మీద జాలి కలిగినట్టుంది. ఆవిడ నన్ను తిట్టడం విన్నాడు. తన మేనత్త వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసిందనీ, దిబ్బ కిందనే ఉంటుందనీ చెప్పాడు. రెండు రోజుల తరవాత నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఆవిడ నన్ను లోపలికి పిలవలేదు. దోమతెర తలుపు వెనకాల నిలబడే మాట్లాడింది. పొడుగ్గా, ఎముకలు తేలి ఉంది. హిందూ వంటవాడు అనగానే తలుపు గొళ్ళెం వేసుకుంది. "వాడి మాట ఎత్తకు," అంది. కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి తనే చెప్పడం మొదలుపెట్టింది. అంతకాలం ఎవరూ అడగలేదేమో.

అప్పుడు ఆవిడకి పని కొత్త. ఆయన మంచివాడేనట. మర్యాదగా ఉండేవాడట. కాలు కుదిరింది. ఎవరో ఓడవాళ్ళతో మాట్లాడుకుని, ఇంటికి పోతున్నానని అందరికీ చెప్పుకున్నాడు. మూట కట్టుకుని మంచం పక్కన పెట్టుకున్నాడు.

"ఆకులు రాలే రోజులు. పొద్దున డ్యూటీకి వచ్చాను. కేకలు విని పరిగెత్తాను. వాడి నోరు కాలిపోతోంది. మంట లేదు. నీకు అర్థమవుతోందా? మంటే లేదు. దిండు గలీబు తెల్లగా ఉంది. పెదాలు మాత్రం నా కళ్ళముందే ఉడికిపోయాయి. ఊపిరాడదేమో అని నోట్లో వేలు పెట్టి తీశాను. బియ్యం వచ్చాయి. పచ్చి బియ్యం, ఏవో నల్ల గింజలు. మా వంటింట్లో బియ్యం ఎక్కడివి? మేం తినేది బంగాళదుంపలు."

ఈ మాట ఆవిడ అప్పట్లో పైవాళ్ళకి చెబితే నోరు మూసుకోమన్నారట. హిందూవాడు పిచ్చెత్తి తనే నిప్పు ముట్టించుకున్నాడని తేల్చి, తాళం వేసే వార్డులో పడేశారు. మంచానికి కట్టేశారు. పెదాలు అతుక్కుపోయాయి. మళ్ళీ మాట్లాడలేదు. ఓడ వెళ్ళిపోయింది. ఆ గదిలోనే ముసలివాడై చనిపోయాడు.

"ఎవడైనా సిగరెట్ ముట్టించుకుంటే మీదపడి కొట్టేవాడు. నా జన్మలో అంత కసి ఎవరి కళ్ళలోనూ చూడలేదు. అది మా మీద కాదు. ఎక్కడో ఉన్నవాళ్ళ మీద," అంది. తరవాత, వాడు నీకేమవుతాడు అని అడిగింది. మా నాన్నకి నాన్న అన్నాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, తెర వెనకాల ఉన్న అసలు తలుపు మూసేసింది.

చాలాసేపు కార్‌లోనే కూర్చున్నాను. నేను డాక్టర్ని కదా. క్షారం తాగి ఉండవచ్చు. ఏదో మందు వికటించి ఉండవచ్చు. పెదాలు కాలడానికి ఏదో ఒక కారణం చెప్పుకోగలిగాను. బియ్యానికి చెప్పుకోలేకపోయాను. దర్భ బొమ్మని కాల్చింది దసరాకి ముందు వచ్చే మహాలయ అమావాస్య దాటగానే అని నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. ఇక్కడ అవి ఆకులు రాలే రోజులే.

ఇంటికి వచ్చి నాన్నకి అబద్ధం చెప్పాను. ఆసుపత్రి నర్సుని కలిశాననీ, తాత కాలు పుండు పడి, ఇక్కడికి వచ్చిన ఏడాదిలోనే పోయాడనీ, నువ్వు నిప్పు పెట్టేనాటికే ఆయన లేడనీ చెప్పాను. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. దీనికి నేను సిగ్గుపడటం లేదు. గుండెజబ్బు మనిషి, అరవై దాటాయి. నిజం చెప్పి ఏం బాగుచేస్తాను?

నాన్న ఏడ్చాడు. పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పూట పెరుగన్నం మారు వడ్డించుకుని తిన్నాడు. "అయితే మామ్మకి చేసింది న్యాయమే," అన్నాడు. "మన తప్పు లేదు." తరవాత మెల్లిగా తన కోరిక బయటపెట్టాడు. మహాలయ పక్షం నడుస్తోంది. పాతిపెట్టిన చోట ఒక్కసారి తిలోదకాలు వదిలి, పిండం పెట్టి వస్తానన్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

పొద్దున్నే వెళ్ళాం. మా ఆయన డ్రైవ్ చేశాడు. ఆసుపత్రి వెనకాల ఏటవాలు నేల. పేర్లు లేవు, నేలలో పాతిన చిన్న రాళ్ళ మీద నంబర్లు మాత్రమే. నేను గుర్తుపెట్టుకున్న నంబరు గట్టు కింద దొరికింది. ఎండగా ఉంది. ఆకు కూడా కదలడం లేదు.

నాన్న దక్షిణం తిరిగి కూర్చున్నాడు. స్టీలు డబ్బాలో నేను వండి తెచ్చిన అన్నం, నువ్వులు, కాకినాడ నుంచి పెట్టెలో తెచ్చుకున్న దర్భలు. తండ్రి పేరూ గోత్రమూ చెప్పి నీళ్ళు వదిలాడు. పిండాలు పెట్టాడు. గొంతు స్థిరంగా ఉంది. అంతా అయ్యాక జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. నేను ఆశ్చర్యపోయాను. కర్పూరం వెలిగించడానికి మా వంటింట్లోంచి తనే తెచ్చుకున్నాడు. "ఇంక నాకేం భయం?" అన్నట్టు నావైపు చూసి నవ్వాడు.

పుల్ల గీశాడు. వెలిగింది. చెయ్యి మోకాలి దగ్గర ఉంది. అది నేను చూశాను, మా ఆయన చూశాడు. ఆ చెయ్యి పైకి లేవలేదు. నాన్న ఒక్కసారి రెండో చేత్తో నోరు పట్టుకుని వెనక్కి పడిపోయాడు. గొంతులోంచి కేక వచ్చింది కానీ నోట్లోంచి రాలేదు.

పరిగెత్తి చెయ్యి లాగి చూశాను. పెదాలు తెల్లగా పొంగి, తోలు ఊడుతోంది. మీసం వెంట్రుక ఒక్కటి కూడా కాలలేదు. అగ్గిపుల్ల గడ్డిలో పడి ఆరిపోయి ఉంది. ఊపిరి అందక కొట్టుకుంటున్నాడు. నోట్లో వేళ్ళు పెట్టి ఊడ్చాను. బియ్యం వచ్చాయి. పచ్చి బియ్యం, నువ్వులు. నేను తెచ్చింది వండిన అన్నం. అది నేలమీద, పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ గట్టంతా దర్భ కాలిన వాసన.

నోట్లోంచి తీసినవాటిని నేను పారేయలేదు. అలవాటు. రుమాల్లో మూటగట్టాను. తరవాత లాబ్‌లో చూశాను. ఎర్రటి పొరతో, ముక్కులు విరిగిన దంపుడు బియ్యం. రోట్లో దంచితేనే అలా ఉంటాయి. ఆ రోజుల్లో మా దగ్గర ఇండియన్ షాపులో దొరికేది తెల్లటి మర బియ్యం ఒక్కటే.

ఎమర్జెన్సీలో డాక్టర్ కుర్రాడు సెగలు కక్కేది ఏదో తాగించారన్నాడు. మేమే ముసలాయన్ని హింసిస్తున్నామని వాడి అనుమానం. మమ్మల్ని బయటికి పంపి, నాన్నని ఒక్కడినే అడిగాడు. నాన్న తల అడ్డంగా ఊపాడట. నన్ను వాడు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. వాడి స్థానంలో నేనున్నా అలాగే చూసేదాన్ని.

రెండో రోజు నాన్న మాట్లాడాడు. వాచిన పెదాలతో, నెమ్మదిగా.

"ఆయన బతికే ఉన్నాడు కదమ్మా."

"లేదు నాన్నా," అన్నాను. అప్పటికీ ఒప్పుకోలేదు.

ఆయన వేలితో తన పెదాలు చూపించాడు. "నేను నిప్పు పెట్టింది ఇక్కడ. తల దగ్గర పెట్టబోతే పెదనాన్న నా చెయ్యి పట్టుకుని, నోటి దగ్గర పెట్టరా అని పెట్టించాడు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు."

నర్సు చెప్పింది కూడా నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

"బాగా కోపంగా ఉన్నాడు," అన్నాడు నాన్న. కాస్సేపు కిటికీలోంచి చూసి, "ఉండడా మరి?" అన్నాడు. అప్పుడు నేను నిజం చెప్పాను. ఓడ సంగతీ, మూట సంగతీ అంతా. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి ఒక్క మాటే అడిగాడు. "మా అమ్మ చెబుతూనే ఉంది కదే?"

తరవాత ఆయన ఇండియా తిరిగి వెళ్ళనన్నాడు. మా దగ్గరే ఉండిపోయాడు. పెదాల మీద మచ్చ మానలేదు. తద్దినాలు మానేశాడు. పంతుళ్ళని ఇంటికి రానివ్వలేదు. నా దగ్గర ఒక మాట తీసుకున్నాడు. "నేను పోయానని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. నువ్వు స్వయంగా చూడాలి. బాగా చూడాలి. చూశాకే ఏదైనా." పిచ్చి మాటలు ఆపమన్నాను. మాట మాత్రం ఇచ్చాను.

ఎనభైలు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో ఒరిగాడు. గుండె. మా హాస్పిటల్లోనే చూశారు. సంతకాలు పెట్టారు. ఫ్యూనరల్ హోమ్‌లో మావాళ్ళంతా చేరారు. ఇక్కడ కట్టెలుండవు. గోడ మీద ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే అవతల గ్యాస్ మంట వస్తుంది. కొడుకు నొక్కుతాడు. కొడుకు లేడు కాబట్టి నేను.

ఆ రోజుకి పౌరోహిత్యానికి కుదిరిన ఇంజనీర్ గారు నోట్లో బియ్యం వేయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. శాస్త్రం అన్నాడు. ఆ శాస్త్రం నాకు తెలుసన్నాను. పెట్టె మూత మళ్ళీ తీయించాను. మెడ మీద వేళ్ళు పెట్టాను. మణికట్టు పట్టుకున్నాను. కళ్ళ రెప్పలు ఎత్తి టార్చి వేశాను. స్టెతస్కోప్ పెట్టి విన్నాను. వెనకాల జనం గుసగుసలు పోయారు. డాక్టరమ్మకి మతి చలించిందన్నారు. అననివ్వండి అనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచీ చూశాను. ఏమీ లేదు. చల్లగా, గట్టిగా, పూర్తిగా పోయాడు. నా జన్మలో ఏ శవాన్నీ అంత శ్రద్ధగా చూడలేదు.

బటన్ నొక్కాను.

అప్పుడు వచ్చింది వాసన. ఫ్యూనరల్ హోమ్ కుర్రాడు తలెత్తి ఇటూ అటూ చూసి, బయట ఎవరో గడ్డి తగలబెడుతున్నారంటూ పరిగెత్తాడు. కాసేపటికి తిరిగి వచ్చి, ఏమీ లేదే అన్నాడు. బయట మంచు కురుస్తోంది.

ఆ వాసన ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. నేను పాథాలజిస్టుని, చావు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను సరిగానే చూశాను. సరిగానే చూశానని రోజూ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.